యోగ్యుల పాలన, ప్రజల పాలన: మోక్షగుండం విశ్వేశ్వరయ్య జీవితం చెప్పే పాఠం

నంది కొండల నీడలోని ముద్దేనహళ్ళి పేరు ఈ సరిహద్దు సీమలో వినని ఇల్లు అరుదు. కెంచార్లహళ్ళి, చింతామణి, బాగేపల్లి ప్రాంతాలలో బిడ్డను బడికి పంపే తల్లిదండ్రులు ఆదర్శంగా చెప్పే పేర్లలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పేరు ముందు వరుసలో ఉంటుంది. ఆనకట్టలు కట్టిన ఇంజనీరుగా, కర్మాగారాలు నెలకొల్పిన దివానుగా ఆయన లోకప్రసిద్ధులు. అయితే ఆయన జీవితంలో అంతగా చర్చకు రాని అధ్యాయం మరొకటి ఉన్నది. రాజ్యాన్ని నడపవలసినది చదువు, శీలం, సామర్థ్యం గల యోగ్యులా, లేక ప్రజలు పంపిన ప్రతినిధులా అన్న ప్రశ్న ఆయన ముందు నిలిచిన అధ్యాయం అది. ఆ ప్రశ్న కారణంగానే ఆయన మైసూరు దివాను పదవిని విడిచిపెట్టారు. నేటికీ గ్రామ పంచాయితీ కచేరీ మొదలు పార్లమెంటు వరకు ప్రతిచోటా ఎదురయ్యే ప్రశ్న అదే. అందుచేత ఆయన జీవితాన్ని ఈ కోణం నుంచి ఒకసారి పరిశీలించడం ప్రయోజనకరం.

సరిహద్దు సీమ బిడ్డ

విశ్వేశ్వరయ్య గారి పూర్వికుల ఊరు నేటి ఆంధ్రప్రదేశ్‌లో బేస్తవారిపేట దగ్గరి మోక్షగుండం. ఇంటిపేరు ఆ ఊరి నుంచే వచ్చింది. తరాల క్రితం ఆ తెలుగు కుటుంబం మైసూరు సీమకు వలస వచ్చి ముద్దేనహళ్ళిలో స్థిరపడింది. ఇంట తెలుగు, ఊరిలో కన్నడం వినిపించే ఆ వాతావరణంలో 1861 సెప్టెంబరు 15న ఆయన జన్మించారు. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మ. కుటుంబంలో పాండిత్యానికి లోటు లేదు గాని ధనానికి లోటు ఉండేది. బాల్యంలోనే తండ్రి గతించడంతో ఆ లోటు మరింత పెరిగింది.

ప్రాథమిక విద్య చిక్కబళ్ళాపురంలో ముగించుకొని, మేనమామ రామయ్య గారి అండతో ఆయన బెంగుళూరు చేరారు. పిల్లలకు ఇళ్ళ వద్ద పాఠాలు చెప్పి, ఆ రాబడితో సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బి.ఏ. పట్టా పొందారు. అటుపై మైసూరు ప్రభుత్వం విద్యార్థి వేతనమిచ్చి పూనా సైన్సు కళాశాలకు పంపింది. 1883లో ఇంజనీరింగు పరీక్షలో ఆయన ప్రథమ స్థానంలో నిలిచారు. మరుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా ఉద్యోగం లభించింది.

ఈ క్రమాన్ని గుర్తుంచుకోవాలి. ఆ కుర్రవాని చేత ప్రతిభ ఉన్నది. కాని ఆ ప్రతిభ వెలుగు చూడడానికి అక్షరాలు నేర్పే ఇల్లు, పట్నంలో చేరదీసిన మేనమామ, సర్కారు ఇచ్చిన వేతనం, ఈ మూడూ తోడయ్యాయి. ఈ మూడింటిలో ఏది లేకున్నా కథ వేరుగా ఉండేది. తర్వాతి కాలంలో మైసూరును కుదిపిన వివాదానికి మూలం సరిగ్గా ఇక్కడే ఉన్నది.

చీనా దేశపు పాత ఆదర్శం

పరీక్షలో నెగ్గినవాడు పాలనలో పాలుపంచుకోవాలన్న భావం తెల్లదొరలతో పుట్టినది కాదు. క్రీ.పూ. 551లో నేటి చీనాలోని లూ రాజ్యంలో పుట్టిన కన్ఫ్యూషియస్ అనే గురువు రాజనీతి గురించి ఒక దృఢమైన సిద్ధాంతం బోధించాడు. పాలకుడు ముందు తన్ను తాను సరిదిద్దుకోవాలి. అతని నడవడి చూసి ప్రజలు దిద్దుకుంటారు. దండనతో నడిపిన రాజ్యం కంటె శీలంతో నడిపిన రాజ్యం నిలుస్తుంది. గొప్ప కులంలో పుట్టినంత మాత్రాన యోగ్యత రాదు, విద్యచేత వస్తుంది. ఆ విద్య నేర్పేటప్పుడు గురువు తరతమ భేదాలు చూడరాదు. ఇది ఆయన బోధనల సారాంశం. ఆయన మార్గంలో నడిచిన మెన్షియస్ మరొక అడుగు ముందుకు వేసి, రాజ్యంలో ప్రజలే ప్రధానమని, వారిని పీడించే రాజు రాజ్యార్హతను కోల్పోతాడని చెప్పాడు.

ఈ ఆదర్శం కాలక్రమంలో ఒక వ్యవస్థగా మారింది. క్రీ.శ. ఏడవ శతాబ్ది ఆరంభం నుంచి చీనా చక్రవర్తులు పరీక్షలు పెట్టి అధికారులను ఎంపిక చేశారు. 1905లో రద్దయ్యే వరకు, అంటే సుమారు 1300 ఏళ్ళ పాటు, ఆ పద్ధతి ఏదో ఒక రూపంలో సాగింది. కొరియా, వియత్నాం దేశాలు కూడా దానిని అనుసరించాయి. యూరప్ పండితులు ఆ పద్ధతిని చదివి మెచ్చుకున్నారు. 1855 నుంచి ఇండియన్ సివిల్ సర్వీసుకు పోటీ పరీక్షలు మొదలైన రోజుల్లో ఇంగ్లండులో జరిగిన చర్చలలో చీనా ఉదాహరణ ప్రస్తావనకు వచ్చింది. మైసూరు సంస్థానంలో శేషాద్రి అయ్యర్ దివానుగా ఉన్న కాలంలో అదే తరహా పోటీ పరీక్ష ప్రవేశించింది.

అయితే చీనా పద్ధతిలో రెండు కొరతలు ఉండేవి. మొదటిది, పరీక్ష తలుపు చాలామందికి తెరిచి ఉన్నట్లు కనిపించినా, ఏళ్ళ తరబడి కొడుకును చదివించగల స్తోమత ఉన్న కుటుంబాలకే అది అందేది. స్త్రీలకు ఆ తలుపు లేనే లేదు. రెండవది, పాలకుడు చెడ్డవాడైతే ప్రజలేమి చేయాలి? తిరుగుబాటు తప్ప వేరు ఉపాయం ఆ సిద్ధాంతంలో లేదు. నెత్తురు చిందకుండా పాలకుని మార్చే సాధనం, అనగా ఓటు, ఉదార ప్రజాస్వామ్యం ఇచ్చినది. యోగ్యుణ్ణి ఎలా తయారుచేయాలో కన్ఫ్యూషియస్ మార్గం చెప్పింది. ఆ యోగ్యుడు ఎవరికి జవాబుదారీ కావాలో ప్రజాస్వామ్యం చెప్పింది.

విశ్వేశ్వరయ్య గారు కన్ఫ్యూషియస్ శిష్యులు కారు. కాని శీలవంతుడైన విద్యావంతుడే ప్రజలకు మేలు చేయగలడన్న విశ్వాసంలో ఆయనకూ ఆ ప్రాచీన గురువుకూ దగ్గరి పోలిక ఉన్నది. అందుకే ఆయన దివానుగిరీ ఈ రెండు రాజనీతులు ఎదురెదురు పడిన వేదికగా కనిపిస్తుంది.

నీటిని పంచిన ఇంజనీరు

బొంబాయి రాష్ట్రంలో ఆయన సేవ పాతికేళ్ళకు దగ్గరగా సాగింది. సింధులోని సక్కర్ పట్టణానికి నీటి సరఫరా, పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి తమంతట తాము తెరుచుకొని మూసుకొనే తలుపులు ఆ కాలపు పనులే. వీటన్నిటికంటె రైతు కుటుంబాలు తెలుసుకోవలసినది నీరా కాలువ మీద ఆయన రూపొందించిన బ్లాకు పద్ధతి.

అంతకు పూర్వం కాలువకు ఎగువన ఉన్న కొద్ది ఊళ్ళవారు నీటిని సమృద్ధిగా వాడుకొనేవారు. దిగువ ఊళ్ళకు చేరేది తక్కువ. ఎగువన మితిమీరిన తడి వల్ల నేల పాడయ్యేది, దిగువన పైరు ఎండేది. విశ్వేశ్వరయ్య గారు ఆయకట్టును బ్లాకులుగా విభజించి, ఒక్కొక్క బ్లాకులో ఎక్కువ నీరు కోరే పైరుకు కొంత భాగం, తక్కువ నీటి పైర్లకు మిగిలిన భాగం కేటాయించి, పైర్లు వంతుల మీద మారేటట్లు ఏర్పాటు చేశారు. నీరు ఎక్కువ ఊళ్ళకు అందింది. కొందరికే సమృద్ధి కంటె అందరికీ కొంత అన్నది ఆ పద్ధతికి ప్రాణం. తరువాత కన్నంబాడి కాలువ కింద మండ్య ప్రాంతంలో కూడా ఇటువంటి విధానమే అమలైంది.

చెరువు ఆయకట్టు మీద బ్రతికిన ఈ సీమ వారికి ఈ సూత్రం కొత్తది కాదు. తూము తెరిచి, వంతు చూసి, చివరి మడికి కూడా తడి అందించే నీరుగంటి ప్రతి చెరువు కింద ఉండేవాడు. ఏ మడికి ఎంత నీరు పడుతుందో అతనికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. అతని మాట ఊరు వినేది. అతడు పక్షపాతం చూపితే ఊరు నిలదీసేది. విద్యకూ జవాబుదారీకీ ముడి వేసిన ఏర్పాటు అది.

1898లో విశ్వేశ్వరయ్య గారు జపాను దేశం వెళ్ళి వచ్చారు. శతాబ్దాలుగా కన్ఫ్యూషియస్ నీతిని బడి పాఠంగా చదివిన ఆ దేశం అప్పటికే 1889లో రాజ్యాంగం, 1890లో పార్లమెంటు ఏర్పరచుకొన్నది. పిల్లలందరికీ బడి, ఊరూరా పరిశ్రమ, అధికారులలో క్రమశిక్షణ ఆయన మనస్సును ఆకట్టుకున్నాయి. తరువాతి జీవితమంతా ఆయన చెప్పిన విద్య, పరిశ్రమ అనే రెండు మంత్రాలకు ఆ ప్రయాణం బలమిచ్చింది.

ఇంత పేరు వచ్చినా బొంబాయి ప్రభుత్వంలో అత్యున్నత ఇంజనీరు పదవి భారతీయునికి దక్కే అవకాశం అప్పట్లో లేదు. 1908లో ఆయన స్వచ్ఛందంగా విరమించారు. పరీక్షలో ప్రథముడైనా పుట్టుక కారణంగా పై మెట్టు మూసి ఉండడం ఎటువంటిదో ఆయన స్వయంగా ఎరుగుదురు. అదే ఏడు సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తగా, నిజాం ప్రభుత్వం ఆయన సలహా కోరింది. ఆయన సూచనల ఫలితంగా ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు తరువాత నిర్మితమయ్యాయి. 1909 నవంబరులో స్వంత సీమ పిలుపు మేరకు మైసూరు చీఫ్ ఇంజనీరుగా వచ్చి, 1911లో కృష్ణరాజ సాగర నిర్మాణానికి శ్రీకారం చుట్టారు.

దివాను ఆరేళ్ళు

1912 నవంబరులో మహారాజా నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ఆయనను దివానుగా నియమించారు. పదవి స్వీకరించే ముందు ఆయన బంధువులను పిలిచి, తన ద్వారా ఏ సిఫారసూ కోరమని మాట ఇస్తేనే పదవి తీసుకుంటానని స్పష్టం చేశారని చెబుతారు. సర్కారు పనికి సర్కారు దీపం, స్వంత పనికి స్వంత దీపం వాడేవారన్న కథ కూడా ప్రచారంలో ఉన్నది. కథలలో కల్పన ఎంత ఉన్నా, ఆయన నిజాయితీని శంకించిన వారు మాత్రం లేరు. పాలకుని శీలమే పాలనకు పునాది అన్న ప్రాచీన భావనకు ఆయన సజీవ రూపం.

ఆ ఆరేళ్ళలో జరిగిన పనులు లెక్కకు మిక్కిలి. 1913లో మైసూరు బ్యాంకు, అదే ఏడు హెబ్బాళలో వ్యవసాయ పాఠశాల, నిర్బంధ ప్రాథమిక విద్యకు శాసనం. 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం. 1917లో బెంగుళూరులో ఇంజనీరింగు కళాశాల. గంధపు నూనె, సబ్బు పరిశ్రమలు. భద్రావతి ఇనుప కర్మాగారానికి పునాది. తెలుగు ఇంట పుట్టిన దివాను కాలంలో కన్నడ భాషకు పరిషత్తు వెలియడం రెండు భాషల మధ్య బ్రతికే కుటుంబాలకు తృప్తినిచ్చే విషయం.

ప్రజల మాట వినే వేదికల విషయంలోనూ ఆయన ఉదాసీనంగా లేరు. మైసూరులో ప్రజాప్రతినిధి సభ 1881 అక్టోబరు 7న, దివాను రంగాచార్లు కాలంలో, 144 మంది సభ్యులతో మొదలైంది. దేశీయ సంస్థానాలలో అటువంటి ప్రయత్నం అదే మొదటిది. తాలూకాల నుంచి రైతులు, వర్తకులు వచ్చి తమ కష్టాలు దివానుకు విన్నవించుకొనేవారు. వినడమే గాని సభకు నిర్ణయాధికారం ఉండేది కాదు. విశ్వేశ్వరయ్య గారి కాలంలో ఆ సభకు ఏటా రెండవ సమావేశం ఏర్పడి, ఆయవ్యయ పట్టిక గురించి మాట్లాడే అవకాశం కలిగింది. శాసన సభలో సభ్యుల సంఖ్య 18 నుంచి 24కు పెరిగింది. ప్రభుత్వాన్ని ప్రశ్నలడిగే హక్కు వచ్చింది.

అయినా ఒక హద్దు ఉన్నది. ప్రజలు చెప్పుకోవచ్చు, అడగవచ్చు. తుది నిర్ణయం మాత్రం దివానుది, మహారాజుది. ప్రజల కొరకు పాలన సాగింది. ప్రజల చేత పాలన ఇంకా రాలేదు. దివాను సమర్థుడు గనుక, నిజాయితీపరుడు గనుక ఆ తేడా చాలామందికి కొరతగా తోచలేదు. కాని కొందరికి తోచింది.

1918: యోగ్యత ఎవరిది?

ఆనాటి మైసూరు జనాభాలో బ్రాహ్మణులు నూటికి నలుగురికి మించరు. గెజిటెడ్ ఉద్యోగాలలో మాత్రం సుమారు మూడింట రెండు వంతులు వారి చేతిలో ఉండేవి. ఒక్కలిగ, లింగాయత, ముస్లిం, మరి ఇతర సముదాయాల చదువుకున్నవారు ఈ లెక్క చూపి ప్రశ్నించారు. 1917లో ప్రజామిత్ర మండలి ఏర్పడింది. ఆ ఉద్యమానికి మేధాబలమిచ్చిన వారిలో చిత్తూరు సీమకు చెందిన కట్టమంచి రామలింగారెడ్డి గారు ఒకరు. అప్పట్లో ఆయన మైసూరు విద్యాశాఖలో ఉన్నతాధికారి. ఒక తెలుగు మేధావి దివాను పీఠం మీద, మరొక తెలుగు మేధావి ఆ పీఠాన్ని ప్రశ్నించే పక్షాన నిలిచిన అరుదైన సందర్భం అది.

1918లో మహారాజా ప్రధాన న్యాయమూర్తి సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు. 1919లో ఆ సంఘం నివేదిక ఇచ్చింది. ఏడేళ్ళలోగా ఉన్నత ఉద్యోగాలలో సగానికి తగ్గకుండా, క్రింది ఉద్యోగాలలో మూడింట రెండు వంతులు బ్రాహ్మణేతరులకు దక్కాలని, వారి విద్యకు వేతనాలు, వసతులు పెంచాలని అది సిఫారసు చేసింది. 1921లో ప్రభుత్వం ఆ దిశగా ఉత్తర్వులిచ్చింది.

విశ్వేశ్వరయ్య గారు ఈ మార్గాన్ని అంగీకరించలేదు. వెనుకబడిన వర్గాలకు బళ్ళు, విద్యార్థి వేతనాలు ఎంత పెంచినా మంచిదే. ఉద్యోగానికి మాత్రం అర్హతే కొలబద్ద కావాలి, లేకుంటే పాలన నాణ్యత పడిపోయి అందరూ నష్టపోతారు అన్నది ఆయన వాదం. ఆ వాదం స్వార్థంతో పుట్టినది కాదు. బంధువులకే సిఫారసు చేయని మనిషి కులానికి సిఫారసు చేస్తారని అనుకోవడం న్యాయం కాదు. ఆయన నమ్మిన రాజనీతిలో యోగ్యతను తగ్గించడం ధర్మాన్ని తగ్గించడమే. మహారాజాతో ఈ విషయంలో అభిప్రాయభేదం తీరక, 1918 చివర ఆయన పదవి వదులుకున్నారు. ఆయన స్థానంలో కాంతరాజ అరసు దివాను అయ్యారు.

అవతలి పక్షం వాదన కూడా తేలికైనది కాదు. పరీక్ష ఒక్కటే కొలబద్ద అయినప్పుడు, పరీక్ష దాకా వచ్చే దారి అందరికీ ఒక్కటేనా? తరతరాలుగా అక్షరం ఉన్న ఇంటి బిడ్డ, అక్షరం చూడని ఇంటి బిడ్డ ఒకే గీత మీద నిలబడి పరుగెత్తినప్పుడు గెలుపును యోగ్యత అని మాత్రమే అనవచ్చునా? ఇంకొక సంగతి. అధికారి న్యాయంగా ఉన్నా, కచేరీలో తమవాడంటూ ఒక్కడూ కనిపించని ప్రజలకు ఆ కచేరీ మీద నమ్మకం ఎలా కుదురుతుంది?

ఇక్కడ మళ్ళీ నీరుగంటిని తలచుకోవాలి. కోలారు సీమలోని అనేక గ్రామాలలో నీరుగంటి పని దళిత కుటుంబాలది. నీటి లెక్కలో ఆ కుటుంబాల అనుభవం తరతరాలది. కాని ఆ ఇంటి పిల్లవానికి బడి తలుపు తెరుచుకోలేదు. ఇంజనీరింగు కళాశాల పేరు కూడా వారి చెవిని పడలేదు. యోగ్యత లేకపోవడం ఒకటి. ఉన్న యోగ్యత ఎవరి కంటా పడకపోవడం మరొకటి. పరీక్ష మొదటిదాన్ని కొలవగలదు, రెండవదాన్ని కొలవలేదు. ఎగువ ఊళ్ళే నీరంతా తాగడం అన్యాయమని గుర్తించి కాలువ నీటిని బ్లాకులుగా పంచిన మహానుభావుడు, విద్య, ఉద్యోగం అనే కాలువకు కూడా ఎగువ, దిగువ ఉన్నాయన్న వాదానికి మాత్రం సమ్మతించలేకపోయారు. ఆయన గొప్పతనాన్ని తగ్గించడానికి కాదు, యోగ్యుల పాలనకు సహజంగా ఉండే హద్దును గుర్తించడానికి ఈ మాట చెప్పుకోవాలి. పాలకుడు ఎంత ఉత్తముడైనా తాను నిలిచిన చోటు నుంచి కనిపించనిది ఉంటుంది. దానిని చూపడానికి అవతలి గొంతు కావాలి. ఆ గొంతుకు అధికారం కావాలి.

పదవి తరువాత

పదవి వదిలినా ఆయన ప్రజాజీవితం వదలలేదు. 1920లో, 1934లో దేశ పునర్నిర్మాణం, ప్రణాళికా ఆర్థిక విధానాల మీద గ్రంథాలు ప్రకటించారు. 1922 జనవరిలో బొంబాయిలో ప్రభుత్వానికీ జాతీయోద్యమానికీ రాజీ మార్గం వెదకడానికి జరిగిన సర్వపక్ష సమావేశానికి, తొలి అధ్యక్షులు శంకరన్ నాయర్ తప్పుకోగా, విశ్వేశ్వరయ్య గారే అధ్యక్ష స్థానం స్వీకరించారు. 1928లో బెంగుళూరులో రేగిన అల్లర్ల విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. భద్రావతి కర్మాగారం నష్టాలలో ఉండగా 1923 నుంచి 1929 వరకు దాని బాధ్యత వహించి దారిలో పెట్టారు. ఆ సేవకు తనకు రావలసిన సొమ్మును యువకులకు వృత్తివిద్య నేర్పే సంస్థకు ఇచ్చారు.

ఈలోగా మైసూరులో ప్రజల గొంతు పెరుగుతూ వచ్చింది. తత్త్వవేత్త బ్రజేంద్రనాథ్ సీల్ సంఘం సిఫారసుల మీద 1923లో ప్రజాప్రతినిధి సభకు చట్టబద్ధత కలిగింది; ఓటు విషయంలో స్త్రీలకున్న నిషేధం తొలగింది. అయినా దివాను సభకు జవాబుదారీ కాలేదు. 1938 ఏప్రిల్ 25న గౌరిబిదనూరు దగ్గరి విదురాశ్వత్థంలో జెండా సత్యాగ్రహానికి చేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. అనేకులు నేలకొరిగారు. దేశంలో సుపరిపాలనకు పేరుపొందిన సంస్థానంలో ఈ దుర్ఘటన జరగడం గమనార్హం. పాలన ఎంత చక్కనిదైనా పాలితులకు దానిని మార్చే హక్కు లేనప్పుడు ఏదో ఒకనాడు ఆ లోటు బయటపడుతుంది. చివరకు 1947 సెప్టెంబరులో సాగిన మైసూరు చలో ఉద్యమం తరువాత అక్టోబరులో బాధ్యతాయుత ప్రభుత్వం ఏర్పడింది. తొలి ముఖ్యమంత్రి ఈ కోలారు సీమ వారే, క్యాసంబళ్ళి చెంగలరాయ రెడ్డి గారు.

రెండు మార్గాల కలయిక

ఇదే కాలంలో కన్ఫ్యూషియస్ పుట్టిన నేల కూడా ఇదే ముడి విప్పడానికి తంటాలు పడింది. 1912లో చీనాలో రాచరికం పోయి గణతంత్రం వచ్చింది. దాని నాయకుడు సన్ యట్‌సెన్ పాశ్చాత్యుల శాసన, కార్యనిర్వాహక, న్యాయ విభాగాలకు తోడుగా మరి రెండింటిని ప్రతిపాదించాడు: అధికారులను పరీక్షించి ఎంపిక చేసే విభాగం, వారి తప్పులు పట్టే విభాగం. ఆ రెండూ పాత చీనా సంప్రదాయం నుంచి తీసుకున్నవే. తైవాన్ రాజ్యాంగంలో వాటికి స్థానం దొరికింది. 1996లో తైవాన్ ప్రజలు తమ అధ్యక్షుణ్ణి తొలిసారి నేరుగా ఎన్నుకున్నారు. దక్షిణ కొరియాలో 1987 ప్రజాఉద్యమం తరువాత అధ్యక్షుని ప్రత్యక్ష ఎన్నిక మళ్ళీ వచ్చింది. కన్ఫ్యూషియస్ నీతి ఉన్నచోట ఓటు పనికిరాదన్న వాదన ఈ రెండు దేశాల అనుభవంతో తేలిపోయింది. అదేవిధంగా ఓటు ఉన్నచోట విద్యకూ శీలానికీ పనిలేదన్న వాదన కూడా నిలవదు.

భారత రాజ్యాంగం 1950లో ఈ ముడిని తనదైన తీరులో విప్పింది. వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. అధికారుల ఎంపికకు పబ్లిక్ సర్వీసు కమిషన్లు ఏర్పరచింది. ప్రభుత్వ సేవలో తగిన ప్రాతినిధ్యం లేని వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలు ప్రత్యేకించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. విశ్వేశ్వరయ్య గారు కోరిన పరీక్షా ఉన్నది, మిల్లర్ సంఘం కోరిన వాటా ఉన్నది, విదురాశ్వత్థంలో జనం కోరిన ఓటూ ఉన్నది. 1918లో పరస్పరం పొసగవనుకున్నవి ఒకే గ్రంథంలో పక్కపక్కన చేరాయి.

నేడు కర్ణాటకలోని ఏ గ్రామ పంచాయితీ కచేరీలో చూసినా ఆ కలయిక కంటికి కనిపిస్తుంది. ఒక కుర్చీలో పరీక్ష నెగ్గి వచ్చిన అభివృద్ధి అధికారి, మరొక కుర్చీలో ఓట్లు గెలిచి వచ్చిన అధ్యక్షుడో అధ్యక్షురాలో. లెక్క, చట్టం, పద్ధతి మొదటివారికి తెలియాలి. ఊరి అవసరం రెండవవారికి తెలియాలి. అధికారి ఊరిని లెక్కచేయకపోయినా, అధ్యక్షులు చట్టాన్ని లెక్కచేయకపోయినా నష్టపోయేది చివరి మడి రైతే.

స్మరించదగిన తీరు

1955లో భారత ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని భారతరత్నతో గౌరవించింది. నూరేళ్ళ నిండు జీవితం గడిపి 1962 ఏప్రిల్ 14న ఆయన బెంగుళూరులో తనువు చాలించారు. సమాధి పుట్టిన ఊరు ముద్దేనహళ్ళిలోనే ఉన్నది. ఆయన జన్మదినం దేశమంతటా ఇంజనీర్ల దినంగా జరుగుతున్నది.

ఆయనను స్మరించేటప్పుడు ఆనకట్టలను మాత్రమే లెక్కించడం చాలదు. లంచం ముట్టని చేయి, కాలం తప్పని పని, నమ్మిన సూత్రం కొరకు పదవిని విడిచే ధైర్యం, ఇవి ఏ ఓటుతోనూ రావు. ఇంటిలో, బడిలో అలవడవలసినవి. ఈ విషయంలో ఆయన మార్గం నేటికీ శిరోధార్యం. అయితే అంతటి యోగ్యుడు కూడా అవతలి వాదానికి న్యాయం ఉన్నదని చూడలేకపోయిన సందర్భం ఒకటి ఉన్నదని పిల్లలకు చెప్పడంలో అగౌరవం లేదు. మంచి పాలకుడు దొరకడం ప్రజల అదృష్టం. ఆ అదృష్టం మీదనే ఆధారపడకుండా, పాలకుణ్ణి అడిగే హక్కు, అవసరమైతే మార్చే హక్కు చేతిలో ఉంచుకోవడం ప్రజల బాధ్యత. ఈ సీమ బిడ్డలు ఆయన వలె చదవాలి. చదివిన తరువాత, చదువు అందని ఇంటి మాట వినడం కూడా నేర్వాలి.